ఇంటర్వ్యూ కోచింగుకి పన్నెండు వేలా? అమ్మ సంఘంలో అప్పు తియ్యకముందు ఒక మాట

పోస్టు పొడుగైపోయింది, ఓపికున్నప్పుడు చదవండి. బ్యాంకు పరీక్షలు రాస్తున్నవాళ్లు మాత్రం ఎక్కడైనా డబ్బు కట్టేలోపు చదవండి.

పోయిన నెల ఒక రాత్రి భామిని వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 మెయిన్స్ గట్టెక్కాడు. వాళ్ల ఊళ్లో ఆ మెట్టు దాకా వెళ్లినవాడు వీడే మొదలు. సంతోషంగా మాట్లాడతాడనుకున్నాను, కానీ గొంతులో కంగారు.

"అన్నా, వైజాగులో ఇంటర్వ్యూకి పది రోజుల ప్యాకేజీ ఉందట. పన్నెండు వేలు, దానిమీద జీఎస్టీ. రేపు సాయంత్రం లోపల కట్టేస్తే బుక్కులు ఫ్రీ అంటన్నారు. అమ్మ సంఘంలో అప్పు తీస్తానంటంది. ఏటి చెయ్యమంటావు?"

కట్టెయ్ అనలేదు, కట్టొద్దు అనీ అనలేదు. ఒక్క రోజు టైమివ్వమన్నాను. "రేపు సాయంత్రం లోపల" అన్నవాడు ఎల్లుండి కడితే తీసుకోడా? తీసుకుంటాడు, బుక్కులు కూడా ఇస్తాడు. ఆ సంగతి నాకు 2017లోనే తెలిసింది, కట్టేసిన తరవాత.

ముందు ఆ డబ్బు ఎంతో చూద్దాం. పన్నెండు వేలకి 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26కి రోజుకి 307 రూపాయలు. అంటే అమ్మ 46 రోజులు గునపం పట్టాలి. వైజాగులో పది రోజుల గది, తిండి, బస్సులు ఇంకా వేరే. ఇదే పరీక్షకి అప్లికేషన్ ఫీజు మనకి 175 రూపాయలు. మొత్తం పరీక్షకి 175, ఆఖర్న పావుగంటో ఇరవై నిమిషాలో కుర్చీలో కూర్చోడానికి 14,160. దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తే గాని నాకే ఎంత విచిత్రంగా ఉందో తెలియలేదు.

అలాగని కోచింగులన్నీ మోసం అని నేను రాయబోవడం లేదు. అలా రాస్తే లైకులు వస్తాయి గాని అది నిజం కాదు. నా లెక్క వేరే ఉంది.

మొదటి మాట. నువ్వు రాసే ఉద్యోగానికి అసలు ఇంటర్వ్యూ ఉందా? ఇది అడగకుండానే డబ్బు కట్టినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. కేంద్రంలో చిన్న పోస్టులకి ఇంటర్వ్యూలు 2016 జనవరి 1 నుంచి ఎత్తేశారు. బ్యాంకు క్లర్కుకి ఇంటర్వ్యూ లేదు. ఇప్పుడు ఐబీపీఎస్ దాన్ని కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటోంది, పేరే మారింది. ఎస్‌బీఐ జూనియర్ అసోసియేట్‌కీ లేదు, గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంటుకీ లేదు. స్థానిక భాష వచ్చా రాదా అని చూస్తారు, అంతే. మనలో చాలామంది రాసేది ఈ మూడే. ఐనా "ప్రిలిమ్స్ ప్లస్ మెయిన్స్ ప్లస్ ఇంటర్వ్యూ కాంబో" అని క్లర్కు రాసే పిల్లలకి కూడా అంటగడుతున్నారు. పెళ్లి కుదరకుండానే బాజాలవాళ్లకి అడ్వాన్సు ఇచ్చినట్టు.

ఇంటర్వ్యూ ఉండేది ఆఫీసర్ పోస్టులకి. ఐబీపీఎస్ పీవో, గ్రామీణ బ్యాంకు స్కేల్-1, ఎస్‌బీఐ పీవో, ఇంకా పైన ఆర్బీఐ గ్రేడ్-బి లాంటివి. ఐబీపీఎస్ పీవోలో, గ్రామీణ బ్యాంకు స్కేల్-1లో మెయిన్స్‌కి 80 వంతులు, ఇంటర్వ్యూకి 20 వంతులు వేసి ఫైనల్ కడతారు. ఇంటర్వ్యూ 100 మార్కులకి. అందులో ఎస్టీలకి కనీసం 35 రావాలి, జనరల్ వాళ్లకి 40. ఎస్‌బీఐ పీవోలో గ్రూప్ ఎక్సర్‌సైజు, ఇంటర్వ్యూ కలిపి 25 వంతులు.

ఈ లెక్కని కొంచెం విప్పండి. కోచింగు వల్ల నీ ఇంటర్వ్యూ మార్కులు 40 నుంచి 60కి పెరిగాయనే అనుకుందాం, అది చాలా ఎక్కువే. ఇరవై మార్కులు పెరిగితే ఫైనల్‌లో కలిసేవి 4. ఐబీపీఎస్ పీవో మెయిన్స్ 225 మార్కులకి కాబట్టి, అక్కడ ఓ పదకొండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా ఫైనల్‌లో అదే 4 వస్తుంది. కాబట్టి మెయిన్స్ ఇంకా రాయనివాడు ఇంటర్వ్యూకి డబ్బు పెట్టడం తెలివితక్కువ పని. ఆ డబ్బుతో మాక్ టెస్టుల సిరీస్ కొనుక్కో, ఇంగ్లీషు వ్యాసం రాసి ఎవరి చేతైనా దిద్దించుకో. కానీ మెయిన్స్ దాటేసినవాడి సంగతి వేరు. వాడి మెయిన్స్ మార్కులు రాయి మీద రాసినట్టే, ఇక మారవు. వాడి చేతిలో మిగిలింది ఆ ఇరవై వంతులే. కటాఫ్ దగ్గర పావు మార్కుకి కూడా ఉద్యోగాలు పోతాయి. అందుకే ఆ తమ్ముడికి "కోచింగు దండగ" అని ఒక్క మాటలో చెప్పి ఫోన్ పెట్టెయ్యలేకపోయాను.

ఇప్పుడు నా కథ. 2017లో నాకూ ఇలాగే మెయిన్స్ వచ్చింది. వైజాగులో ఒక చోట (పేరెందుకులెండి) రెండు వారాలకి ఎనిమిది వేలు కట్టాను. హాస్టలు, తిండి, తిరుగుళ్లు కలిపి పదమూడు వేలు దాటింది. ఆ ఏడాది జీడిపిక్కల డబ్బు మొత్తం అందులోకే పోయింది. చెల్లెలి చెవి దిద్దులు ఆగిపోయాయి, అది ఇప్పటికీ దెప్పుతుంది.

అక్కడ ఏం నేర్పారు? ఒక స్పైరల్ బైండింగు పుస్తకం ఇచ్చారు. అందులో వంద ప్రశ్నలు, వందకీ జవాబులు. నీ బలం ఏంటి అంటే కష్టపడి పనిచేస్తాను. బలహీనత ఏంటి అంటే పని పూర్తయ్యేదాకా నిద్రపట్టదు. హాబీ ఏంటి అంటే పుస్తకాలు చదవడం. ఏ పుస్తకం అంటే వింగ్స్ ఆఫ్ ఫైర్. మా బ్యాచిలో నలభై మందిమి, నలభై మందికీ అదే పుస్తకం. ఒకరోజు సార్ నా ఫారం చూసి, "మీ ఊరి సంగతులు ఎక్కువ చెప్పకు, కొండలు, పోడు, సంతలు అంటే ప్యానెల్‌కి బోరు. ప్రొఫెషనల్‌గా ఉండు" అన్నాడు. చెడ్డవాడు కాదాయన. నా మంచికే చెప్తున్నానని నమ్మి చెప్పాడు. నేనూ నమ్మాను.

ఇంటర్వ్యూ రోజు ప్యానెల్‌లో ఒక పెద్దాయన నా ఫారం చూసి, సవరా అని ఉండడం చూసి, ఇంగ్లీషులో అడిగాడు: "మీ భాషకి నిఘంటువు తయారుచేసిన తెలుగాయన ఎవరు?" నాకు ఆర్బీఐ గవర్నర్ల పేర్లు వరసగా వచ్చు. రెపో రేటు, రివర్స్ రెపో, సీఆర్ఆర్ అన్నీ వచ్చు. ఇది రాలేదు. గిడుగు రామ్మూర్తి గారండీ. మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టినాయన. సవర నేర్చుకుని, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాయన. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని బడిలో ఆయన ఫొటోకి దండ వేసింది నేనే. ఆయన సవరకి చేసిన పని మాత్రం నాకెవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. తరవాత హాబీ అడిగారు. వింగ్స్ ఆఫ్ ఫైర్ అన్నాను. ముగ్గురిలో ఒకావిడ నవ్వు ఆపుకోవడం చూశాను. "పొద్దున్నుంచి మీరు ఆరో మనిషి" అంది.

100కి 32 వచ్చాయి. 35 వస్తే చాలు. మూడు మార్కులు.

ఏడాది తరవాత గ్రామీణ బ్యాంకు ఇంటర్వ్యూకి కోచింగు లేకుండా వెళ్లాను. డబ్బుల్లేవు, అందుకే. మీ ఊరు చెప్పమన్నారు. చెప్పాను. తెలుగులో చెప్పొచ్చా అని అడిగాను, చెప్పమన్నారు. ఆ రోజు పుస్తకంలోది ఒక్క ముక్క రాలేదు నా నోట. 58 వచ్చాయి.

ఇక్కడ ఆగి నా కథని నేనే అనుమానించాలి. కోచింగుతో 32, లేకుండా 58, కాబట్టి కోచింగు పనికిరాదు అని చెప్పేస్తే అది తప్పు లెక్క. రెండోసారికి నేను ఒకసారి దెబ్బ తిని ఉన్నాను. గదిలోకి వెళ్లడం, నమస్కారం పెట్టడం, ముగ్గురు ఒకేసారి చూస్తుంటే గుండె దడని తట్టుకోవడం, ఇవన్నీ అప్పటికి తెలుసు. ప్యానెల్ కూడా వేరు. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ కోచింగులోనే మొట్టమొదటిసారి నేను కాలరు షర్టు వేసుకుని, తెలియని మనుషుల ముందు కుర్చీలో కూర్చుని పది నిమిషాలు మాట్లాడాను. రెండు వారాల్లో మూడుసార్లు. అది మాత్రం పనికొచ్చింది. ఎనిమిది వేలల్లో పనికొచ్చింది ఆ మూడు మాక్‌లే, మిగతాదంతా స్పైరల్ బైండింగు.

అప్పుడు నా రూమ్మేటు ఒకడు ఉండేవాడు. వాళ్ల నాన్న రిటైరైన బ్యాంకు మేనేజరు, బాబాయి ఎల్ఐసీ. వాడు ఏ కోచింగుకీ వెళ్లలేదు. ఆదివారం ఇంటికెళ్లి వచ్చేవాడు. వాళ్లింట్లో అన్నాల దగ్గర ఎన్‌పీఏలు, ట్రాన్స్‌ఫర్లు, మేనేజరు సంతకాలు ఇవే కబుర్లు. ఎదురుగా కూర్చున్న పెద్ద ఆఫీసరు వాడికి బాబాయిలాగే కనిపిస్తాడు, భయమేంటి? మనకి అలాంటి బాబాయి ఇంట్లో లేడు. మనం ఆఫీసరుని చూసింది అప్పు కోసం కౌంటరు ఇవతల నిలబడినప్పుడే. అందుకే మనం పన్నెండు వేలు పెట్టి ఒక బాబాయిని అద్దెకి తెచ్చుకుంటున్నాం. అవసరం నిజమైనదే, ఆ మాట నేను కాదనను. కానీ ఆ అద్దె ఎంత ఉండాలి, ఎన్నాళ్లకి ఉండాలి అనేదే నా గొడవ.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మెయిన్స్ రిజల్టు చేతికి వచ్చాక, అది కూడా మాక్ ఇంటర్వ్యూలకి మాత్రమే డబ్బు పెట్టండి. రెండో మూడో చాలు. విడివిడిగా మాక్‌లు ఇచ్చేవాళ్లు ఉంటారు, అడగాలి. "ప్యాకేజీ తప్ప విడిగా ఇవ్వం" అంటే ఇంకో గుమ్మం ఎక్కండి. మాక్ తీసుకునేది ఎవరో ముందే అడగండి. బ్యాంకులో పనిచేసి వచ్చినవాళ్లా, లేకపోతే పోయినేడాది ఇదే ఇంటర్వ్యూ పోయినవాడా? వీడియో తీసి ఇస్తారా? మన మొహం మనం చూసుకుంటే తెలిసేది ఇంకెవరు చెప్పినా తెలీదు. నేను ప్రతి జవాబుకీ ముందు పైకప్పు చూస్తానని ఆ వీడియోలోనే తెలిసింది. క్లాసులకీ నోట్సుకీ మాత్రం రూపాయి పెట్టొద్దు. అందులో ఉన్నదంతా ఆర్బీఐ, నాబార్డు వెబ్‌సైట్లలో ఊరికే దొరుకుతుంది.

జవాబుల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనం ఓడిపోయేది ఇక్కడే. ప్యానెల్ ఎక్కువగా పట్టుకునేది నీ ఫారాన్ని. నీ ఊరు, నీ డిగ్రీ, నీ ఇంటి పని, నువ్వు రాసిన హాబీ. గ్రామీణ బ్యాంకుకైతే మరీను. ఆ బ్యాంకు ఉన్నదే మన ఊళ్ల కోసం. ఇప్పుడు మా ఊరి జీడిపిక్కల బేరం చెప్తాను చూడండి. వ్యాపారి సంక్రాంతి ముందు వచ్చి 5,000 చేతిలో పెడతాడు. నాలుగు నెలలకి పిక్కలు తీసుకుంటాడు. బజార్లో కిలో 100 ఉందనుకుందాం, మనకి కట్టేది 80 లెక్క. అంటే అరవై రెండున్నర కిలోలు తీసుకెళ్తాడు, దాని అసలు ఖరీదు 6,250. ఐదు వేలకి నాలుగు నెలలకి 1,250 వడ్డీ. ఏడాదికి చూస్తే 75 శాతం. వడ్డీ అనే మాట ఎవరూ అనలేదు, కాగితం మీద సంతకం లేదు. మన అమ్మానాన్నలకి ఇది "తెలిసిన షావుకారు చేసే సాయం".

ఇది చెప్పగలిగినవాడికి గ్రామీణ రుణాల గురించి ఏ పుస్తకం నేర్పాలి? దీని పక్కనే, కిసాన్ క్రెడిట్ కార్డు 1998 నుంచి ఉందని, తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం 2025 జనవరి 1 నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకి పెంచారని చేర్చు. మరి అది ఉన్నా మీ ఊళ్లో షావుకారు దగ్గరకే ఎందుకెళ్తారు అని తరవాతి ప్రశ్న వస్తుంది. బ్యాంకు ఎంత దూరం, కాగితాలకి ఎన్నిసార్లు తిప్పుతారు, పోడు భూమికి పట్టా ఎవరి పేరున ఉంది, ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల భూమి గిరిజనేతరుల చేతికి పోదు కాబట్టి బ్యాంకు ఎందుకు వెనకాడుతుంది, ఇవన్నీ నీకు చూసిన సంగతులు. అమ్మ సంఘం పుస్తకం నీ ఇంట్లో ఉంది. సంఘాలకి బ్యాంకు అప్పులు కలిపే పని నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టిందని ఒక్క వాక్యం చదువుకుంటే, ఆ పుస్తకమే నీకు సిలబస్. ప్రాధాన్య రంగానికి 40 శాతం, అందులో వ్యవసాయానికి 18, బలహీన వర్గాలకి 12 అని అందరూ బట్టీ పడతారు. ఆ 12లో లెక్కేసేది మనల్నే అని గుర్తుంచుకుని చెప్పేవాడు వేరుగా వినిపిస్తాడు.

గ్రామీణ బ్యాంకుకి వెళ్లేవాళ్లు ఆ బ్యాంకు కథ కూడా చూసుకోండి. శ్రీకాకుళంలో హెడ్డాఫీసు పెట్టుకుని శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఉండేది. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసింది, హెడ్డాఫీసు వరంగల్‌కి పోయింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఒక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. స్పాన్సరు యూనియన్ బ్యాంకు, హెడ్డాఫీసు అమరావతి. దేశం మొత్తం మీద 43 ఉన్నవి ఆ రోజుతో 28 అయ్యాయి. దీనివల్ల మన ఊరికి మంచా చెడా అని అడిగితే నువ్వేమంటావు? నాకైతే ఇప్పటికీ రెండు మనసులే. సాఫ్ట్‌వేరు, పెట్టుబడి బాగుపడతాయి, నిజమే. కానీ సీతంపేట నుంచి హెడ్డాఫీసు ఎంత దూరమో కూడా చూడాలి కదా. ఇలా రెండు వైపులా ఆలోచించి చెప్పినా ప్యానెల్ ఏమీ అనుకోదు. తెలియనిది తెలియదని చెప్పినా అనుకోదు. ఎవరో రాసిచ్చింది అప్పజెప్తే మాత్రం పట్టేస్తారు.

సున్నితమైన ప్రశ్నలూ వస్తాయి. శ్రీకాకుళం అనగానే 1960ల చివరి గొడవల గురించి అడిగినవాళ్లున్నారు. భయపడి తప్పించుకోవద్దు, ఆవేశపడొద్దు. అప్పులు, భూములు, కూలి అనే మూడు మాటల్లో మూలం చెప్పి, గిరిజన సహకార సంస్థ 1956లోనే ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కలిపితే అది చక్కగా బ్యాంకింగు జవాబే అవుతుంది.

ఇక అసలు భయపెట్టే సంగతి. ఫీజు కోసం ఫోన్‌లో లోన్ యాప్ నుంచి తీసుకోవద్దు. "ఈజీ ఈఎంఐ" అని కోచింగువాళ్లే ఫైనాన్సు కంపెనీని చూపించినా జాగ్రత్త, అది నీ పేరున అప్పు. అప్పు ఎగ్గొట్టిన రికార్డు, సిబిల్‌లో చెడ్డ రిపోర్టు ఉన్నవాళ్లని ఉద్యోగంలోకి తీసుకోమని ఎస్‌బీఐ నోటిఫికేషన్‌లోనే రాస్తుంది. ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనూ క్రెడిట్ హిస్టరీ మాట వచ్చేసింది. బ్యాంకు ఉద్యోగం కోసం అప్పు చేసి, ఆ అప్పు కట్టలేక బ్యాంకు ఉద్యోగం పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటాం? పాత అప్పులేవైనా ఉంటే ఇంటర్వ్యూ కంటే ముందు అవి తీర్చండి.

గోడల మీద ర్యాంకర్ల ఫొటోల గురించి ఎక్కువ రాయను. ఆ ఫొటోలో ఉన్న పిల్ల అక్కడ ఏడాది చదివిందా, ఒక్క ఉచిత మాక్‌కి వెళ్లిందా అన్నది అడగండి. ఆ వివరం దాచకూడదని, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పకూడదని, ఎంపికైనవాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వెయ్యకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబరు 13న మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు. రసీదు లేకుండా కట్టినవాడికి మాత్రం 1915 కూడా ఏమీ చెయ్యలేదు.

ప్రైవేటు ఫైనాన్సు ఉద్యోగాల సంగతి రెండు ముక్కల్లో. బీకాం చదివిన చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు. మైక్రోఫైనాన్సు, గోల్డ్ లోన్ కంపెనీల ఫీల్డు ఉద్యోగాల ఇంటర్వ్యూలు నేను చూసినంతలో పావుగంట: బండి ఉందా, లైసెన్సు ఉందా, ఎండలో తిరుగుతావా, వసూళ్లకి వెళ్తావా. దీనికి పాతికవేల కెరీర్ కోచ్ ఎందుకు? ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చేతితో చెయ్యడం వస్తే అదే నీకు కోచ్. ఉద్యోగం ఇస్తామని ముందే "రిజిస్ట్రేషన్" అని డబ్బు అడిగితే అది కోచింగు కాదు, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యండి.

డబ్బు ఖర్చు లేనివి మనం వదిలేస్తున్నవి కూడా ఉన్నాయి. గ్రామీణ బ్యాంకు అప్లికేషన్‌లో పరీక్షకి ముందు ఉచిత శిక్షణ కావాలా అని ఎస్సీ ఎస్టీలకి ఒక కాలమ్ ఉంటుంది. నెట్ సెంటరువాడు తొందరలో "వద్దు" అని నొక్కేస్తాడు. పక్కన కూర్చుని చూసుకోండి. ఐటీడీఏల కింద యువత శిక్షణ కేంద్రాలున్నాయి, బ్యాచి ఎప్పుడు పెడతారో వెళ్లి అడుగుతూనే ఉండాలి, అడిగేవాళ్లు లేకపోతే పెట్టరు. ఇంకోటి, కులం సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వం ఫార్మాటులో ఉందా? టెన్త్ మెమోలో ఇంటి పేరు, ఆధార్‌లో ఇంటి పేరు ఒకటేనా? ఇంటర్వ్యూ గుమ్మం దాకా వెళ్లి కాగితం సరిగా లేక తిరిగొచ్చినవాడిని నేను స్వయంగా బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాను. పాలకొండ దాకా ఒక్క మాట మాట్లాడలేదు వాడు. వాడికి పన్నెండు వేల కోచింగు ఏం చేస్తుంది?

అద్దె బాబాయి అన్నాను కదా. పదిహేనేళ్ల కిందట మనకి నిజంగానే ఎవరూ లేరు. ఇప్పుడు ఈ గ్రూపులోనే బ్యాంకుల్లో పనిచేసే అన్నలు, అక్కలు ఉన్నారు, టీచర్లున్నారు, సచివాలయాల్లో ఉన్నారు. మనం ఎందుకు కూర్చోకూడదు? నేను వచ్చే రెండు ఆదివారాలు సీతంపేటలో ఉంటాను, టైము, చోటు కింద కామెంటులో పెడతాను. ఇంకో ఇద్దరు వస్తే ప్యానెల్ అవుతుంది. పార్వతీపురం, సాలూరు వైపు ఎవరైనా ముందుకొస్తే అక్కడా పెట్టొచ్చు. నేను బాగా చేస్తానని కాదు, నాకూ ఇంగ్లీషు అక్కడక్కడా తడబడుతుంది. కానీ ఉచితం, పైగా ఊరి సంగతులు చెప్పొద్దని అననని మాట ఇస్తున్నా. మాక్‌కి వచ్చేవాళ్లు నింపిన ఫారం ప్రింటు తెచ్చుకోండి, అది లేకుండా ప్రశ్నలు వెయ్యలేం.

ఆ తమ్ముడి సంగతి. మర్నాడు ఇదంతా ఫోన్‌లో గంటసేపు చెప్పాను. ప్యాకేజీ తీసుకోలేదు. అమ్మని సంఘంలో అప్పు తియ్యొద్దన్నాడు. ఇంకో చోట రెండు మాక్‌లకి 1,500 అంటే కట్టి వచ్చాడు. రెండోదాంట్లో మీ ఊరికి బ్యాంకు ఎంత దూరం అని అడిగారట. "పదకొండు కిలోమీటర్లు సార్, వానాకాలమైతే ఇరవై" అన్నాడట. అదెలా అని అడిగితే, గెడ్డ పొంగితే కొండ చుట్టూ తిరిగి రావాలని కాగితం మీద గీసి చూపించాడట. ఆ కాగితం ఆయనే అడిగి తీసుకున్నాడని నాతో చెప్పి తెగ మురిసిపోయాడు. అసలు ఇంటర్వ్యూ వచ్చే వారం. రిజల్టు వచ్చినా చెప్తాను, రాకపోయినా చెప్తాను.